ఒకే ప్రాసెసర్‌లో కోర్‌కూ కోర్‌కూ 20 డిగ్రీల తేడా: లోపం చిప్‌లోనా, కూలర్ బిగింపులోనా?

కోనసీమ ఎడిటర్ (అమలాపురం):

అందరికీ నమస్కారం. నేను అమలాపురంలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని చేస్తుంటాను. మా స్టూడియోలోని డెస్క్‌టాప్ విషయంలో ఇద్దరు టెక్నీషియన్లు చెప్పిన మాటలకు పొంతన కుదరక ఇక్కడ అడుగుతున్నాను. ప్రాసెసర్ మొత్తంగా వేడెక్కుతోందన్నది నా సందేహం కాదు. ఒకే చిప్‌లో పక్కపక్కనే ఉన్న కోర్‌లలో, అంటే లెక్కలు చేసే విభాగాలలో, కొన్ని సెగలు కక్కుతుంటే మరికొన్ని చాలా చల్లగా ఉంటున్నాయి. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా డబ్బు ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు.

మెషిన్‌లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ7-12700 ప్రాసెసర్, అంటే భారీ పనులు చేసే 8 పీ-కోర్‌లు, తక్కువ కరెంటుతో నడిచే 4 ఈ-కోర్‌లు. బోర్డు బీ660 రకం. కూలర్ మాత్రం కొత్తది కాదు. అంతకుముందు మా దగ్గరున్న పదో తరం మెషిన్‌లో బాగా పనిచేసిన నాలుగు హీట్ పైపుల టవర్ కూలర్‌నే, మెషిన్ అమర్చిన షాపువారు కొత్త బోర్డుకు బిగించి ఇచ్చారు. క్యాబినెట్‌కు ముందు రెండు, వెనుక ఒకటి ఫ్యాన్లు ఉన్నాయి. దుమ్ము ఎప్పటికప్పుడు బ్లోయర్‌తో ఊదిస్తూనే ఉంటాను.

ఇప్పుడు అసలు విషయం. గదిలో 32 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ ఆర్23ని పది నిమిషాల పరీక్షకు పెట్టి, సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూస్తే, ప్రాసెసర్ 165 వాట్ల దగ్గర నిలిచినప్పుడు అన్నిటికన్నా వేడిగా ఉన్న పీ-కోర్ 95 డిగ్రీలు చూపిస్తోంది, అన్నిటికన్నా చల్లగా ఉన్న పీ-కోర్ 75 దగ్గరే ఆగుతోంది. ఈ-కోర్‌లను ఈ లెక్కలో కలపలేదు. పని ఏమీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా కోర్‌ల మధ్య ఐదారు డిగ్రీల తేడా ఉంటోంది కానీ, విచిత్రంగా అప్పుడు ఎక్కువ వేడి చూపే కోర్ వేరు, లోడ్‌లో ఎక్కువ వేడి చూపే కోర్ వేరు.

ఒక టెక్నీషియన్ ఇదంతా ఎండాకాలపు ఉక్కపోత వల్లేనని, గదికి ఏసీ పెట్టించమని చెప్పారు. మరొకరు ప్రాసెసర్‌లోనే లోపం ఉందని, వారంటీ ఉండగానే వెనక్కి పంపమని అన్నారు. పంపితే అది తిరిగి వచ్చేదాకా నా పని ఆగిపోతుంది, ముహూర్తాల రోజుల్లో అది కుదిరే పని కాదు. అసలు కోర్‌ల మధ్య ఎంత తేడా ఉంటే సహజమని అనుకోవాలి? ఇది చిప్ లోపమో కాదో ఇంట్లోనే తేల్చుకునే దారి ఏదైనా ఉందా?

తణుకు సిస్టమ్స్ (తణుకు):

20 డిగ్రీల తేడా మాత్రం సహజం కాదండీ. నా అనుభవంలో ఇలాంటివాటిలో ఎక్కువ భాగం ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేసే థర్మల్ పేస్టు దగ్గరే తేలిపోతాయి. కూలర్ విప్పి, పాత పేస్టు తుడిచి, మంచి పేస్టు వేసి మళ్లీ బిగించండి. ఖర్చు కూడా తక్కువే. దానితో తగ్గకపోతే అప్పుడు ప్రాసెసర్ సంగతి ఆలోచించవచ్చు.

కాకినాడ మాస్టారు (కాకినాడ):

తణుకు సిస్టమ్స్ గారి సలహాలో తప్పు లేదు కానీ, దాన్ని ఇప్పుడే చేయవద్దని కోనసీమ ఎడిటర్ గారిని కోరుతున్నాను. కూలర్ విప్పిన క్షణంలో మన దగ్గరున్న సాక్ష్యం చెరిగిపోతుంది. విప్పక ముందే తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి, విప్పేటప్పుడు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాడిని. పిల్లలకు ఎప్పుడూ చెప్పిన మాటే ఇక్కడా చెబుతున్నాను: ఒక్క అంకెను చూసి రోగం చెప్పకూడదు, పరిస్థితిని మార్చినప్పుడు ఆ అంకె ఎలా కదులుతుందో చూసి చెప్పాలి.

మొదట ఎండ సంగతి తీసివేద్దాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది నిజమే కానీ, గది వేడి పెరిగితే అన్ని కోర్‌లూ దాదాపు సమానంగా పైకి జరుగుతాయి. గది 32 నుంచి 38కి వెళితే మీ 95, 75లు రెండూ ఆరేసి డిగ్రీలు పెరగడానికి చూస్తాయి తప్ప, వాటి మధ్య దూరం అందువల్ల పెరగదు. దుమ్ము పట్టిన రేకులు, తిరగని క్యాబినెట్ ఫ్యాన్ కూడా అంతే. అవి మొత్తం వేడిని పెంచుతాయి, కోర్‌ల మధ్య భేదాన్ని పుట్టించవు. ఏసీ పెడితే మీకు సుఖమే, ఫ్యాన్ మోత కూడా తగ్గుతుంది. అయితే మీరు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఇక ఊరికే ఉన్నప్పటి తేడా. దాన్ని పట్టించుకోనవసరం లేదు. ఇంటెల్ ప్రాసెసర్‌లలో ప్రతి కోర్‌లోనూ ఉండే డిజిటల్ సెన్సర్ నేరుగా ఉష్ణోగ్రతను చెప్పదు, గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నామో చెబుతుంది. మీ ప్రాసెసర్‌కు ఆ పరిమితి 100 డిగ్రీలు. సాఫ్ట్‌వేర్ ఆ దూరాన్ని 100లోంచి తీసివేసి మనకు చూపిస్తుంది. ప్రాసెసర్ కాలిపోకుండా కాపాడడమే ఆ సెన్సర్ పని కనుక, పరిమితికి దగ్గరగా ఉన్నప్పుడు అది నమ్మదగినది, 40 డిగ్రీల దగ్గర అంత కచ్చితం కాదు. దీనికి తోడు మీ ఐ7-12700లో టర్బో బూస్ట్ మ్యాక్స్ 3.0 ఉంది. ఫ్యాక్టరీ పరీక్షల్లో మేలైనవిగా తేలిన కోర్‌లు 4.9 గిగాహెర్ట్‌జ్ దాకా వెళితే మిగతా పీ-కోర్‌లు 4.8 దగ్గర ఆగుతాయి. విండోస్ కూడా చిన్నాచితకా పనులన్నీ ఆ మేలైన కోర్‌లకే అప్పగిస్తుంది. అందువల్ల ఊరికే ఉన్నట్టు కనిపించినప్పుడు కూడా అవే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తాయి. లోడ్‌లో వేడెక్కే కోర్ వేరుగా ఉందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే రెండు కారణాలు వేరువేరని చెబుతోంది.

లోడ్‌లో కూడా కొంత తేడా సహజమే. ఈ చిప్‌లో పీ-కోర్‌లు రెండు వరుసలుగా ఉంటాయి. మధ్యలో ఉన్న కోర్‌కు అన్ని వైపులా వేడిగా ఉన్న ఇరుగుపొరుగు ఉంటే, చివర ఉన్న కోర్‌కు ఒక పక్కన అంతగా పని చేయని భాగం ఉంటుంది కనుక అక్కడికి కొంత వేడి జారిపోతుంది. అన్ని కోర్‌ల మీదా సమానమైన భారం పడినప్పుడు 8 నుంచి 10 డిగ్రీల దాకా తేడా ఉంటే నేనైతే చెయ్యి పెట్టను. 15 దాటితే మాత్రం వెతకాలి. మీది 20.

ఇప్పుడు విప్పకుండా చేయవలసిన పరీక్ష చెబుతాను. బయోస్‌లో, అంటే మెషిన్ ఆన్ కాగానే తెరవగలిగే బోర్డు సెట్టింగులలో, లాంగ్ డ్యూరేషన్, షార్ట్ డ్యూరేషన్ అని ప్రాసెసర్ వాడే వాట్లకు రెండు పవర్ లిమిట్‌లు ఉంటాయి. రెండింటినీ ఒకే విలువకు, మొదట 65 వాట్లకు, తర్వాత 125కు పెట్టి, ప్రతిసారీ అదే సినీబెంచ్ పరీక్షను పది నిమిషాలు నడిపించి, అతి వేడి కోర్, అతి చల్లని కోర్ విలువలు రాసుకోండి. మూడో విలువ, 165 దగ్గరిది, మీ దగ్గర ఇప్పటికే ఉంది. గది ఉష్ణోగ్రత మూడింటికీ దాదాపు ఒకటే ఉండేట్టు చూసుకోండి. సెన్సర్ తప్పు చెబుతుంటే ఆ తప్పు వాట్లతో పాటు క్రమంగా పెరగదు, 65 దగ్గరా 165 దగ్గరా తేడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వేడి బయటికి పోయే దారిలో ఎక్కడో అడ్డు ఉంటే, వాట్లు పెరిగిన కొద్దీ తేడా కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మన డెల్టాలో కాలువ నిండుగా పారుతున్నా బోదె పూడిపోతే శివారు పొలానికి నీరందదు చూశారా, ఇదీ అంతే. కూలర్‌కు శక్తి చాలకపోవడం వేరు, ఒక మూల నుంచి వేడి కూలర్ దాకా చేరకపోవడం వేరు.

ఇంకొకటి కూడా గమనించండి. పరీక్ష మొదలైన మొదటి రెండు మూడు క్షణాల్లోనే వేడి కోర్ ఒక్క ఉదుటున పైకి లేచి, చల్లని కోర్ నుంచి విడిపోతోందా, లేక నిమిషాలు గడిచిన కొద్దీ నెమ్మదిగా విడిపోతోందా? కూలర్ రేకులు వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. చిప్‌కూ కూలర్ అడుగు భాగానికీ మధ్య ఉన్న అతుకులో లోపముంటే మాత్రం అది క్షణాల్లోనే బయటపడుతుంది.

పదో తరం కూలర్‌ను ఈ బోర్డుకు బిగించారన్న వివరం మీద నాకు గట్టి అనుమానమే ఉంది కానీ, అంకెలు వచ్చాకే మాట్లాడతాను.

కోనసీమ ఎడిటర్ (అమలాపురం):

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఏసీ లేకుండా, తెల్లవారుజామున గది 32 దగ్గర స్థిరంగా ఉన్నప్పుడు కొలిచాను. 65 వాట్ల దగ్గర వేడి కోర్ 57, చల్లని కోర్ 49. 125 వాట్ల దగ్గర 80, 65. 165 దగ్గర మళ్లీ చూస్తే ముందు రాసినట్టే 95, 75. మూడింటిలోనూ వేడి కోర్‌లు అవే, చల్లని కోర్‌లు అవే. పరీక్ష మొదలుపెట్టగానే గ్రాఫ్‌లో వేడి కోర్ గీత నిట్టనిలువుగా లేచిపోతోంది, చల్లని కోర్ గీత అప్పుడే దాన్నుంచి విడిపోతోంది. ఆ తర్వాత పది నిమిషాలూ రెండు గీతలూ సమాంతరంగా నెమ్మదిగా ఎక్కుతున్నాయి.

కాకినాడ మాస్టారు (కాకినాడ):

చాలా శ్రద్ధగా కొలిచారు. 65 వాట్లకు 8, 125కు 15, 165కు 20. భాగించి చూడండి, మూడు చోట్లా వాటుకు దాదాపు 0.12 డిగ్రీలు వస్తుంది. ఇంత తిన్నగా పెరిగే తేడా సెన్సర్ తప్పు వల్ల రాదు. వేడి ప్రవహించే దారిలో ఒక పక్కన అడ్డు ఉంది. గీతలు మొదట్లోనే విడిపోయి తర్వాత సమాంతరంగా సాగాయంటే, ఆ అడ్డు రేకుల్లోనో ఫ్యాన్‌లోనో లేదు, చిప్‌కు చాలా దగ్గరలో ఉంది. అంటే చిప్‌కూ దాని మీది లోహపు మూతకూ మధ్యనైనా ఉండాలి, ఆ మూతకూ కూలర్‌కూ మధ్యనైనా ఉండాలి. మొదటిది ఫ్యాక్టరీలో అతికింది, మనం చేయగలిగింది లేదు. రెండోది షాపులో బిగించింది. అనుమానం ముందు రెండోదాని మీదకే పోవాలి.

ఎందుకో చెబుతాను. పదో తరం ప్రాసెసర్‌ల ఎల్‌జీఏ1200 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చుట్టూ ఉండే కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. మీ పన్నెండో తరం ఎల్‌జీఏ1700 సాకెట్‌కు అది 78 మిల్లీమీటర్లు. కొన్ని కూలర్‌ల పట్టీలకు రంధ్రాలు పొడవుగా ఉండడం వల్ల కాస్త లాగి 78కి కూడా పట్టించవచ్చు, చాలామంది అలాగే పట్టిస్తారు. కానీ తేడా దూరంలోనే లేదు, ఎత్తులో కూడా ఉంది. కొత్త సాకెట్‌లో ప్రాసెసర్ పై మూత బోర్డు నుంచి లెక్కిస్తే పాతదానికన్నా ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. పాత స్టాండాఫ్‌లు, అంటే బోర్డు నుంచి లేచి కూలర్ పట్టీని మోసే ఆ పొట్టి బోల్టులు, పాత ఎత్తుకు చేసినవి. మర చివరికంటా బిగిసినట్టు చేతికి తెలుస్తుంది కానీ, ఆ బిగువు స్టాండాఫ్ మీద పడుతుంది తప్ప ప్రాసెసర్ మీద పడదు. ఒత్తిడి చాలక కూలర్ ఏ కొంచెం ఒరిగినా, ఒక పక్క పేస్టు పల్చగా, మరో పక్క మందంగా ఉండిపోతుంది.

మందంగా ఉంటే నష్టమేమిటని అడగవచ్చు. రాగి ఉష్ణవాహకత 400 దరిదాపుల్లో ఉంటే, మంచి థర్మల్ పేస్టుది అదే కొలమానంలో సాధారణంగా 10 లోపే, గాలిది 0.03 కన్నా తక్కువ. పేస్టు గాలికన్నా ఎంతో మేలు, రాగికన్నా ఎంతో కనాకష్టం. రెండు లోహాల మధ్య గాలి చొరబడే సందులను నింపడానికే తప్ప పొరలా పరచడానికి అది పనికిరాదు. మీ చిప్ వైశాల్యం దాదాపు 215 చదరపు మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత. అంత చిన్న చోటు నుంచి 165 వాట్లు బయటికి రావాలంటే, పేస్టు మందంలో వెంట్రుకవాసి భేదం కూడా డిగ్రీలలో కనిపిస్తుంది.

ఇప్పుడు విప్పండి. విప్పే ముందు పావుగంట ఏదైనా పని పెట్టి వేడెక్కనిచ్చి, పవర్ తీసి, కూలర్‌ను పైకి లాగకుండా అటూ ఇటూ కొద్దిగా తిప్పి వదులు చేయండి. పేస్టు తుడవకండి. ప్రాసెసర్ మీదా కూలర్ అడుగునా పడిన ముద్రలను ఫొటో తీసి, రెండు వైపులా ఎలా ఉందో చెప్పండి. స్టాండాఫ్‌లు ఏ సాకెట్‌వో కూడా చూడండి.

భీమవరం ఆక్వా (భీమవరం):

ఇదే సందర్భంలో నా సందేహం కూడా తీర్చగలరా మాస్టారూ? ఎల్‌జీఏ1700 సాకెట్‌లో ప్రాసెసర్ వంగుతుందని, కాంటాక్ట్ ఫ్రేమ్ వేస్తే వేడి తగ్గుతుందని చాలా చోట్ల చూశాను. ఈయన సమస్యకు అదే కారణం కావచ్చు కదా? నేను కూడా ఒకటి కొందామనుకుంటున్నాను.

కాకినాడ మాస్టారు (కాకినాడ):

కావచ్చు, కానీ వరుసలో అది తర్వాతి అనుమానం. మీరు విన్నది నిజమే. ఎల్‌జీఏ1700 ప్రాసెసర్ చతురస్రంగా కాక 45 గుణించు 37.5 మిల్లీమీటర్ల పొడవాటి దీర్ఘచతురస్రంగా ఉంటుంది. సాకెట్ మీది లోహపు పట్టీ పొడవు వైపు నడుమ రెండు చోట్ల మాత్రమే నొక్కుతుంది కనుక, మూత మధ్యలో స్వల్పంగా లోపలికి వంగుతుంది. ఒత్తిడిని అంచుల చుట్టూ సమంగా పంచడానికి థర్మల్‌రైట్, థర్మల్ గ్రిజ్లీ వంటి సంస్థలు ఫ్రేమ్‌లు తెచ్చాయి. వాటితో కొన్ని డిగ్రీలు తగ్గిన మాట వాస్తవం. అయితే ఆ స్వల్పమైన వంపు వల్ల ప్రాసెసర్ నిర్దేశిత పరిమితులు దాటి పనిచేయదని, సాకెట్ పట్టీని మార్చడాన్ని తాము సిఫారసు చేయబోమని, మారిస్తే వారంటీ పోవచ్చని ఇంటెల్ 2022లో చెప్పింది. తర్వాత వచ్చిన ఎల్‌జీఏ1851 సాకెట్‌కు ఒత్తిడి తగ్గించిన మరో రకం పట్టీని కూడా అందుబాటులోకి తెచ్చింది.

పైగా ఆ వంపు మధ్య నుంచి రెండు కొసలకూ ఇంచుమించు ఒకే రీతిలో ఉంటుంది. ఒక కొస వేడిగా, మరో కొస చల్లగా ఉంటే ఒరగడాన్నే ముందు అనుమానించాలి. వారంటీ ఉన్న ప్రాసెసర్ మీద, కూలర్ బిగింపు సరిచూసుకోకుండా ఫ్రేమ్ వేయడం నాకు సమ్మతం కాదు. ఫ్రేమ్ మరలు ఎక్కువ బిగిస్తే ర్యామ్ చానల్ కనిపించకుండా పోవడం, అసలు మెషిన్ ఆన్ కాకపోవడం వంటి ఇబ్బందులు కూడా ఉన్నాయి. మీ కోర్‌ల మధ్య తేడా ఎంతో ముందు కొలవండి. 10 లోపు ఉంటే మీకు ఫ్రేమ్ అవసరం లేదు.

కోనసీమ ఎడిటర్ (అమలాపురం):

విప్పి చూశాను మాస్టారూ. మీ అనుమానమే నిజమనిపిస్తోంది. ప్రాసెసర్ మూత మీద ర్యామ్ వైపు కొసన పేస్టు దాదాపు లేనంత పల్చగా ఉంది, కింది లోహం మెరుపు కనిపిస్తోంది. రెండో కొసకు వెళ్లేసరికి బూడిద రంగు పేస్టు దళసరిగా ఉండడమే కాక, కూలర్ ఎత్తినప్పుడు లేచే సన్నని ముళ్లలాంటి గీతలు కూడా అక్కడ పడలేదు. పేస్టు వేసినప్పుడు ఎలా పరిచారో అలాగే నున్నగా ఉండిపోయింది. అంటే ఆ మూల కూలర్ సరిగా తాకనే లేదు. స్టాండాఫ్‌ల మీద 115ఎక్స్, 1200 అని, అంటే పాత సాకెట్‌ల పేర్లే, అచ్చు వేసి ఉంది. పట్టీ పొడవాటి రంధ్రాల్లో ఒక వైపు మరలు చివరికి జరిగి ఉన్నాయి, మరో వైపు మధ్యలోనే ఉన్నాయి.

కూలర్ తయారీదారు 1700 సాకెట్‌కు వేరే కిట్ ఇస్తున్నట్టు వారి సైట్‌లో ఉంది. సికింద్రాబాద్ చినోయ్ ట్రేడ్ సెంటర్‌లో తెలిసిన వ్యాపారి దగ్గర దొరుకుతోంది, కొరియర్‌లో పంపమన్నాను. అది వచ్చేలోపు తుడిచి సిద్ధం చేసుకుంటాను. దేనితో తుడవాలి? కూలర్ అడుగున రాగి నల్లబడి ఉంది, రేకుల అంచుల మీద అక్కడక్కడా తెల్లని పొడి కూడా ఉంది. గరుకు కాగితంతో రుద్దవచ్చా?

నరసాపురం సర్వీస్ (నరసాపురం):

దయచేసి గరుకు కాగితం జోలికి పోకండి. మాది సముద్రానికి దగ్గరి ఊరు కనుక ఈ తెల్ల పొడి, నల్లబడిన రాగి మాకు నిత్యం కనిపించేవే. ఉప్పుగాలి, తేమ కలిసి అల్యూమినియం రేకుల మీద తెల్లని పొడి పుట్టిస్తాయి. మెత్తని బ్రష్‌తో దులిపితే చాలు, పలచటి పొడి వల్ల చల్లదనం తగ్గదు. రాగి మీది నలుపు కూడా పైపై పొరే, దాని వల్ల మీ 20 డిగ్రీలు రాలేదు. గరుకు కాగితంతో రుద్దితే కూలర్ అడుగు సమతలం చెడుతుంది, అంచులు అరిగి మధ్య ఎత్తు మిగులుతుంది, ఇప్పుడున్న సమస్య శాశ్వతమవుతుంది.

తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. ఐపీఏ అని అడిగితే మొబైల్ రిపేరు షాపుల వద్ద దొరుకుతుంది. నూలు పోగులు ఊడని మెత్తని గుడ్డ మీద కొద్దిగా వేసుకుని, అంచుల నుంచి లోపలికి తుడవండి. బయటికి తుడిస్తే పేస్టు బోర్డు మీదకు పాకుతుంది. ప్రాసెసర్‌ను సాకెట్‌లోంచి తీయనవసరం లేదు. సాకెట్ పిన్నులు చాలా సున్నితం, ఒక్కటి వంగినా బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదముంది. రైజెన్ 5000 వరకు వచ్చిన ఏఎమ్4 ప్రాసెసర్‌లు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటిలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, గట్టిపడిన పేస్టుకు అతుక్కుని కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది.

ఎవరైనా పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) వేస్తే ఇంకా చల్లగా ఉంటుందని చెబితే వినకండి. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డు మీద చుక్క పడితే షార్ట్ అవుతుంది. పేస్టు మాత్రం నాణ్యమైనది కొనండి. పొడవాటి మూత కనుక మధ్యలో ఒక చుక్క కాకుండా, మూల నుంచి మూలకు గుణకారం గుర్తులా (×) సన్నగా వేస్తే అన్ని వైపులకూ చేరుతుంది.

తణుకు సిస్టమ్స్ (తణుకు):

బిగించే వరుస గురించి కూడా చెప్పనివ్వండి, ఎందుకంటే కొత్త కిట్ వచ్చినా ఇక్కడే చాలామంది దగ్గర తేడా వస్తుంది. ఒక వైపు మరను పూర్తిగా బిగించి, తర్వాత రెండో వైపుకు వెళితే కూలర్ అప్పటికే ఒరిగి, పేస్టును ఒక పక్కకు నెట్టేస్తుంది. రెండో వైపు ఎంత బిగించినా ఆ పేస్టు మళ్లీ వెనక్కి రాదు. నాలుగు మరలనూ ముందు దారం పట్టే వరకే తిప్పండి. తర్వాత ఒక మూలకు రెండు చుట్లు, దాని ఎదురు మూలకు రెండు చుట్లు, ఇలా ఎదురెదురుగా వెళ్లండి. బోర్డును క్యాబినెట్‌లోంచి తీసి బల్ల మీద పరిచి బిగిస్తే ఇంకా మంచిది. నిలబెట్టి బిగిస్తే కూలర్ బరువు దాన్ని కిందికి లాగుతుంటుంది.

మొదట్లో నేను పేస్టు మార్చమని చెప్పిన మాటకు ఇది చేర్పు అనుకోండి. పాత స్టాండాఫ్‌ల మీదే కొత్త పేస్టు వేసి ఉంటే నాలుగైదు డిగ్రీలు తగ్గి, అసలు కారణం లోపలే ఉండిపోయేది.

కోనసీమ ఎడిటర్ (అమలాపురం):

కిట్ వచ్చింది, బిగించాను. కొత్త స్టాండాఫ్‌లను పాతవాటి పక్కన బల్ల మీద నిలబెట్టి చూస్తే పొట్టిగా ఉన్నట్టు కంటికే తెలుస్తోంది. తణుకు సిస్టమ్స్ గారు చెప్పినట్టు బోర్డును బల్ల మీద పరిచి, ఎదురెదురు మూలలుగా బిగించాను. ఈసారి మరలు తిరుగుతున్నప్పుడు స్ప్రింగులు చివరి దాకా ఎదురు ఒత్తిడి ఇవ్వడం చేతికి తెలిసింది.

గది 32 దగ్గరే ఉన్నప్పుడు అవే పరీక్షలు చేశాను. 65 వాట్ల దగ్గర 51, 48. 125 దగ్గర 70, 64. 165 దగ్గర 82, 74. చల్లని కోర్ దాదాపు ఎక్కడిదక్కడే ఉంది, వేడి కోర్ మాత్రం 13 డిగ్రీలు దిగింది. రెండు గంటల పెళ్లి వీడియో రెండర్ పెడితే ఫ్యాన్ మోత కూడా ముందులా లేదు. మాస్టారికి, మిగతా అందరికీ నా కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం ఉంది. మిగిలిన ఆ 8 డిగ్రీల తేడా కూడా తీసేయడానికి ఏదైనా చేయాలా? పదమూడు, పద్నాలుగో తరం ప్రాసెసర్‌లు చెడిపోతున్నాయని విన్నాను, ఇన్నాళ్లూ 95 దగ్గర నడిచినందుకు నాది కూడా అలా దెబ్బతిని ఉంటుందా?

కాకినాడ మాస్టారు (కాకినాడ):

ఆ రెండో భయం పెట్టుకోకండి. పదమూడు, పద్నాలుగో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లలో వచ్చిన అస్థిరత వోల్టేజీ పెరగడానికి సంబంధించినది. ఇంటెల్ 2024లో దానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) సవరణలు విడుదల చేసి, ఆ ప్రాసెసర్‌లకు వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. పన్నెండో తరం ఆ జాబితాలో లేదు. 95 అన్నది 100 పరిమితికి లోపలే. పరిమితిని తాకితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

మిగిలిన 8ని అలాగే ఉండనివ్వండి. ఇప్పుడు భాగిస్తే వాటుకు 0.05 వస్తుంది, అంటే ముందున్న దానిలో సగం కన్నా తక్కువ. ఇందులో కొంత కోర్‌లు ఉన్న స్థానం వల్ల, కొంత చిప్‌కూ మూతకూ మధ్య అతుకు వల్ల వచ్చేది. ఇంకా తగ్గించాలని మూత ఊడదీయడం, ఫ్రేమ్ వేయడం మీ పనికి అనవసరం. ఇది నిజంగా కూలర్ బిగింపు వల్లనే వచ్చిందా అని ఎవరికైనా ఇంకా సందేహముంటే, కూలర్‌ను 180 డిగ్రీలు తిప్పి బిగించి, ఫ్యాన్‌ను గాలి ప్రవాహానికి తగినట్టు రెండో వైపుకు మార్చి చూడవచ్చు. వేడి కోర్‌లు కూడా వైపు మారితే తప్పు కూలర్‌ది, మారకపోతే ప్రాసెసర్‌ది. మీకు ఆ అవసరం రాలేదు.

నేను చేయమని చెప్పేది ఒక్కటే. మీ ప్రాసెసర్‌కు ఇంటెల్ ఇచ్చిన మూల విలువ 65 వాట్లు, టర్బో గరిష్ఠం 180. బోర్డు దాన్ని ఎక్కువసేపు పైనే ఉంచుతోంది. లాంగ్ డ్యూరేషన్ లిమిట్‌ను 125 దగ్గర పెట్టండి. వేగంలో తగ్గేది కొద్దిగానే, ఉష్ణోగ్రతలో మాత్రం మీ అంకెల ప్రకారమే 12 డిగ్రీలు కలిసి వస్తుంది. మే నెలలో గది 38కి వెళ్లినా వేడి కోర్ 76 దరిదాపుల్లోనే ఉంటుంది. ఈ 3, 6, 8 తేడాలను వాట్లతో సహా ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి తలుపుకు అంటించండి. ఏడాదికోసారి అదే పరీక్ష చేసి, రెండు కోర్‌లూ కలిసి పెరిగితే దుమ్ము దులిపించండి, మధ్య దూరం పెరిగితే పేస్టు మార్చండి.